ఎర్ర నీళ్లలో బలముంటది

మా మామకు ఖాళీ జాగా కనిపిస్తే ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. ఆయన లెక్కలో గడ్డి మొలిచిన నేలంతా ఖాళీ జాగాయే. తంగేడు పూసినా, మోదుగ పూసినా, ఊరి పశువులన్నీ అక్కడే మేసినా అది ఖాళీయే. నిజాం కాలంలో గిర్దావరుగా గుర్రమెక్కి ఊరూరూ తిరిగి, పొలాలు తనిఖీ చేసిన మనిషి. నౌకరీ అయిపోయి జహీరాబాదులో ఇంటి పట్టున ఉంటున్నా, అరుగు మీది పడక కుర్చీని ఆయన గుర్రంలాగే వాడేవాడు. దాని మీంచే తాలూకా మొత్తం తనిఖీ అయ్యేది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది ఆంధ్రా, తెలంగాణా కలిసిన మరుసటేడు మాఘమాసంలో. మా పుట్టినూరు జహీరాబాదుకు పడమట, బీదరు జిల్లాలో, నారింజ వాగు ఒడ్డున ఉంది. సంబంధం మాట్లాడుకున్నప్పుడు రెండూళ్లూ ఒకే రాజ్యంలో ఉండేవి. పెళ్లి పందిరి వేసేనాటికి మధ్యలో సరిహద్దు వచ్చి కూర్చుంది. మా ఊరు మైసూరు వాళ్లకు పోయింది. మా నాన్న దాన్నేమీ పట్టించుకోలేదు.

"వాగొక్కటే గద బిడ్డా" అన్నాడు అప్పగింతలప్పుడు. "మీ అత్తగారింటి కాడ పారిన నీళ్లే మా తానికొస్తయి. దూరం పోతున్ననని ఏడ్వకు."

అది ఓదార్పు అనుకున్నాం అప్పుడు.

జహీరాబాదులో నారింజ వాగు మరీ పెద్దదేమీ కాదు. ఎండాకాలం సన్నటి ధారగా పారేది. ఇసుక మాత్రం ఎప్పుడూ తడిగా ఉండేది. పొద్దున్నే ఆడవాళ్లం ఆ ఇసుకలో చేతులతో గుంట తోడి చెలమ చేసుకునేవాళ్లం. మొదట ఊరిన నీళ్లు తోడి పారబోయాలి. తర్వాత ఊరే నీళ్లను కొబ్బరి చిప్పతో ముంచి బిందెలో పోసుకోవాలి. అద్దంలా ఉండేవి. మా పెరట్లో బావి ఉంది కాని దాని నీళ్లు ఉప్పన. ఆ నీళ్లలో కందిపప్పు వేస్తే మధ్యాహ్నం దాకా కుండలో గింజకు గింజ తిరుగుతూనే ఉండేది. చెలమ నీళ్లలో వేస్తే ఇట్టే మెత్తబడేది. మా అత్త చేసే పప్పుకు చుట్టుపక్కల పేరుండేది. ఆమె మాత్రం ఆ పేరును ఎప్పుడూ తన మీద వేసుకోలేదు.

"నాదేమున్నది పిల్లా, అంత వాగుదే" అనేది.

మా అత్త మాట తక్కువ మనిషి. ఎప్పుడైనా మాట్లాడితే చేతిలో పప్పు గుత్తి ఉండేది, మాట కూడా దాని పనే చేసేది.

వాగుకు ఎగువన, కోహీరు పోయే దారి పక్క, ఎర్రమట్టి దిబ్బల మీద రెండు కంచెలుండేవి. కంచె అంటే మా వైపు గడ్డి బీడు. పెద్ద కంచె ఏటవాలుగా వాగులోకే దిగేది. చిన్న కంచె కాస్త అవతల, ఒర్రె అనే ఒక సన్న పాయకు ఎగువన ఉండేది. ఆ ఒర్రె ఊరికి పైన వాగులో కలిసేది. జాగీర్లు పోయాక ఆ రెండు కంచెలూ చేతులు మారి మారి ఎట్లాగో మా మామ చేతికొచ్చాయి. ఆ 'ఎట్లాగో'ను మా ఇంట్లో ఎవరూ విప్పి చూడలేదు.

వాన పడితే కంచె మీది గడ్డి ముందు తాను తాగేది, మిగిలింది నెమ్మదిగా కిందికి వదిలేది. అందుకే ఎంత వానొచ్చినా మా వాగు రెండు రోజులు మడ్డిగా ఉండి మళ్లీ తేరుకునేది. మేము దానికి కారణం ఆలోచించలేదు. వాగు స్వభావమే అంత అనుకున్నాం.

ఆ రోజుల్లో రేడియో పెడితే చాలు, పంటలు పెంచండి, పంటలు పెంచండి అని ఒకటే పోరు. ఊరికి జీపులొచ్చేవి, జీపుల్లోంచి మనుషులు దిగి ఉపన్యాసాలిచ్చేవాళ్లు. మా మామ ప్రతి ఉపన్యాసానికీ ముందు వరసలో కూర్చునేవాడు. చివరికి తానే ఒక రైతుల సంఘం పెట్టాడు. అధ్యక్షుడు తానే. సభ్యులు ఆయనతో ఏదో ఒక పని ఉన్నవాళ్లు. మా ఆయన కార్యదర్శి. మా ఆయన బడిలో పంతులు, మంచి మనిషి, ఎవరేం చెప్పినా "అదీ నిజమే" అనే మనిషి. తల్లి ఒకటి చెప్తే అదీ నిజమే, తండ్రి దానికి ఎదురు చెప్తే అదీ నిజమే. ఇన్ని నిజాలను ఒక్కడే మోస్తాడు కనుక ఎప్పుడూ కాస్త వంగి నడిచేవాడు.

సంఘం మొదటి తీర్మానం పెద్ద కంచె దున్నడం. దానికి పట్నం నుంచి ట్రాక్టరు వచ్చింది. జహీరాబాదులో ట్రాక్టరు దిగడమంటే జాతరే. ఊరంతా దిబ్బలెక్కి చూసింది. మా మామ తెల్ల షేర్వాణీ వేసుకుని, ట్రాక్టరుకు పసుపు రాయించి, టెంకాయ కొట్టించాడు. దాని ముందు పడ్డ తంగేడు పొద ఒక్కొక్కటి వేర్లతో లేచి బోర్లా పడుతుంటే చూస్తున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ట్రాక్టరు నడిపేవాడు దిబ్బను పై నుంచి కిందికి, కింది నుంచి పైకి దున్నుకుంటూ పోయాడు. అడ్డంగా తిప్పితే ఒరిగి పడుతుందని వాడి భయం. మా అత్త చాలాసేపు చూసి మామ దగ్గరికి పోయింది.

"ఇగో, ఏటవాలు నేలల అడ్డం దున్నుతరు గని ఇట్ల నిలువు దున్నుతరా ఎక్కడన్న? వానొస్తే ఏమైతది?"

"అది నాగలి కాదు, ట్రాక్టరు" అన్నాడు మామ, నలుగురికీ వినపడేలా. "దానికి నీ తీరు అడ్డం మాట్లాడుడు రాదు."

నలుగురూ నవ్వారు. మా అత్త కొంగు సర్దుకుని ఇంటికొచ్చేసింది.

వేయబోయేది ఆలుగడ్డ. దాన్ని చలికాలం మొదట్లో నాటుతారు. అంటే వానకాలమంతా ఆ దిబ్బ దున్నింది దున్నినట్టే, ఒంటి మీద నూలుపోగు లేకుండా వానలో నిలబడింది. మృగశిర దాటాక మొదటి పెద్ద వాన పడింది. మరునాడు పొద్దున మేము బిందెలతో పోతే వాగు లేదు. వాగు ఉండాల్సిన చోట ఇటుకలు చేసే మట్టి కలిపి పారించినట్టు చిక్కటి ఎరుపు పారుతోంది. ఒక ముసలమ్మ భయపడి, వాగుకు కుంకుమ చల్లి దండం పెట్టింది. కుంకుమ ఎక్కడ పడిందో కూడా తెలియలేదు.

అందరూ మా ఇంటి ముందుకొచ్చారు. మామ పడక కుర్చీలోంచి లేవకుండానే విన్నాడు.

"గింతదానికి ఫికర్ ఎందుకు? ఎర్రమట్టిల ఇనుము ఉంటది. ఎర్ర నీళ్లల్ల బలముంటది. దవాఖానల పైసలు తీసుకొని ఇచ్చే తాకత్ మందు ఏ రంగుంటది చెప్పున్రి? ఎరుపే గద!"

అని ఊరుకోలేదు. లోపలికి కేకేసి, ఒక లోటా నిండా ఆ నీళ్లు తెప్పించుకుని, అందరి ముందూ కళ్లు మూసుకుని గటగటా తాగి, మీసం తుడుచుకుని "వాహ్" అన్నాడు. వచ్చినవాళ్లు ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఆ సాయంత్రం నుంచి చెంబు పట్టుకుని పెరటి దారిలో ఆయన చేసినన్ని తనిఖీలు గిర్దావరీ మొత్తంలోనూ చేసి ఉండడు. మా అత్త వాము కషాయం కాచి ఇస్తూ అడిగింది.

"బలమొచ్చిందా?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో నీళ్లు తాగడం ఒక పెద్ద వ్యవహారమైంది. తెచ్చిన నీళ్లను నాలుగు మడతల పాత ధోవతిలో వడగట్టాలి. కుండ లోపల చిల్లగింజ అరగదీసి, మట్టి అడుక్కు దిగేదాకా ఆగాలి. పైన తేరిన నీళ్లు కదలకుండా వంచుకోవాలి. కుండ అడుగున మిగిలే ఎర్ర ముద్దను మా అత్త పారేయలేదు. పెరట్లో ఒక మూల పోస్తూ వచ్చింది. వానకాలం పోయేసరికి అక్కడ చిన్న దిబ్బ లేచింది.

"అదేందత్తా?" అన్నాను.

"మీ మామ కంచె. ఇంటికే వొస్తంది, పోయి దున్నుడు ఎందుకని జమ చేస్తున్న" అంది.

వెనకటి రోజుల్లో అయితే ఏ వానకైనా వాగు రెండు రోజుల్లో తేరుకునేది. ఆ ఏడు దీపావళి దాటినా ఎర్రగానే ఉంది. ఎరుపు పోయాక చూస్తే ఇసుక కనిపించలేదు. దాని మీద మెత్తటి బురద పొర పరచుకుంది. కాలు పెడితే పిక్క దాకా దిగేది. ఆ బురద తీసి, కింద ఇసుక వెతికి చెలమ తోడితే నీళ్లు ఊరడానికే బద్ధకించేవి. ఊరినా పాత గుడ్డల వాసన. ఇక పప్పు ఉడికించడానికి బావి నీళ్లే గతి. పప్పు ఉడకదు. మామ పంటి కింద గింజ పడి, ముఖం చిట్లించి, "చేతి గుణం పోయింది నీకు" అన్నాడు అత్తతో. ఆ మరునాటి నుంచి మా ఇంట్లో పప్పు బంద్ అయింది.

ఆలుగడ్డ మాత్రం బాగా పండింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, కోడిగుడ్డంత గడ్డలు, బండ్లకు బండ్లు రైలెక్కి పట్నం పోయాయి. మామ మీసం మరో అంగుళం పైకి లేచింది. ఇంట్లో పొద్దున ఆలుగడ్డ, మాపు ఆలుగడ్డ. నా కడుపులో బిడ్డకు కూడా ఆలుగడ్డ మీద రోత పుట్టి ఉంటుంది, వాడు ఇప్పటికీ ముట్టడు.

మరో రెండేళ్లకు వాగు ఒడ్డున తుంగ, రెల్లు కొట్టించి చెరుకు పెట్టాడు. నీళ్లు తోడడానికి నూనె ఇంజను వచ్చింది. సర్కారు ఎరువు బస్తాలు ముందరి గదిలో కప్పు దాకా పేర్చారు. గది తలుపు తీస్తే కళ్లు మండేవి. చెరుకుకు ఎంత వేయాలో చెప్పడానికి ఒకాయన వచ్చి చెప్పి వెళ్లాడు. మామ దానికి రెట్టింపు వేయించాడు. సర్కారువాళ్లు ఏదైనా తక్కువే ఇస్తారు, తక్కువే చెప్తారని ఆయన అనుభవం. చెరుకు తాగింది తాగగా మిగిలింది వాగుకు చేరింది. ఎండాకాలం వచ్చేసరికి మడుగుల మీద ఆకుపచ్చ నాచు దుప్పటిలా కప్పుకుంది. దాని కింద నుంచి పరక చేపలు, జెల్లలు తెల్లగా పొట్టలు చూపిస్తూ తేలాయి. బట్టలుతికేవాళ్లు రేవు వదిలి ఎగువకు పోయారు.

"చూసినవా" అన్నాడు మామ, వాగు గట్టు మీద నిలబడి ఆ పచ్చదనాన్ని నాకు చూపిస్తూ. "మన ఎరువు బలం ఎసొంటిదో! నీళ్ల మీద గూడ పంట పండుతంది."

చేపలు పట్టుకుని బతికే రెండు కుటుంబాలవాళ్లు చనిపోయిన చేపల తట్ట తెచ్చి అరుగు ముందు పెడితే, "ముట్టకుంట దొరికినయి గద, ఇంకేం కావాలె" అన్నాడు.

ఇట్లా ఉండగా జిల్లా నుంచి ఒక పెద్ద సారు మామ పొలం చూడడానికి వస్తున్నాడని కబురొచ్చింది. దిబ్బ మీద పందిరి వేశారు. మామ షేర్వాణీ ఉతకడానికి వేశారు. అది తిరిగొచ్చేసరికి వాగు ఎరుపు పట్టి లేత గాజరగడ్డ రంగులో ఉంది. మామ దాన్ని పైకెత్తి పట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, చివరికి "ఇదీ మంచిగనే ఉన్నది" అని తొడుక్కున్నాడు. మాఘమాసం అది. ఆలుగడ్డలు తవ్వే రోజులు. తవ్విన గడ్డలను బస్తాల్లో వాగుకు తెచ్చి, మట్టి పోయేదాకా కడిగి రైలుకు పంపేవాళ్లు. అందుకని వానల్లేకపోయినా వాగు ఎర్రగానే ఉంది.

సారు కోస్తా వైపు మనిషి. మర్యాదస్తుడు. పొలం చూశాడు, పందిట్లో మామ ఉపన్యాసం విన్నాడు. బీడును బంగారం చేశానన్నాడు మామ. సారు తలూపాడు. మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికొచ్చారు. వెంట ఊరి పెద్దలందరూ. కూర్చున్నాక సారు అన్నాడు.

"మీ నారింజ నీళ్లు చాలా బాగుంటాయని విన్నానండీ. ఎప్పుడో మా వాళ్లెవరో ఇటు వచ్చినప్పుడు తాగారట. ఒక గ్లాసు ఇప్పించండి."

మామ ముఖంలో ఒక క్షణం ఏదో కదిలింది. వెంటనే సర్దుకుని, లోపలి వైపు చూసి, "సారుకు నీళ్లు తెండ్రి, మంచియి" అని 'మంచియి' దగ్గర గొంతు నొక్కాడు. అంటే రెండు రోజులు తేర్చిన కుండలోవి తెమ్మని. వంటింట్లో అత్త ఆ కుండ వైపు చూసింది. తర్వాత పక్కనున్న బిందె వైపు చూసింది. అది నేను అప్పుడే వాగు నుంచి తెచ్చి దింపినది. ఇత్తడి లోటాలు వరసగా ఉన్నా, అటక మీది నుంచి గాజు గ్లాసు దింపించింది. బిందెలోంచి ముంచింది. తట్టలో పెట్టుకుని, తల మీద కొంగు లాక్కుని, తానే బయటికి నడిచింది. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను.

సారు గ్లాసు వైపు చూసి చిరునవ్వు నవ్వాడు.

"చాయ్ భోజనమయ్యాక తాగుతానమ్మా, ముందు మంచినీళ్లు చాలు."

"చాయ్ కాదు సారూ" అంది అత్త. "మా వాగు నీళ్లే. పాలు, చక్కెర ఇంక వెయ్యలే."

ఎవరో పొలమారినట్టు దగ్గారు. మామ మొహం షేర్వాణీ రంగులోకి వచ్చింది.

"వానకాలం గద సార్, జర కలుషితం..." అన్నాడు.

"మాఘమాసం నాయనా" అన్నాడు మా ఆయన, అలవాటుగా, వినయంగా. ఆయన జీవితంలో తండ్రికి ఎదురు చెప్పింది అదొక్కటే. అది కూడా తెలియక చెప్పాడు.

సారు గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాడు. కింద పెట్టాడు. భోజనం మాత్రం మర్యాదగా చేశాడు, నీళ్లు ముట్టకుండా, మజ్జిగతో. వెళ్లేటప్పుడు నీళ్ల సంగతి చూస్తామన్నాడు. చూశారు కూడా. పది పదిహేను రోజుల తర్వాత ఇద్దరు మనుషులు బ్లీచింగు పొడి బస్తా తెచ్చి, వంతెన మీద నిలబడి, పారే వాగులో చల్లారు. అది వాళ్ల కళ్ల ముందే తెల్లగా పాయ కట్టి పడమటికి కొట్టుకుపోయింది. చల్లినవాళ్లు చేతులు కడుక్కున్నారు. నీళ్లు శుభ్రమయ్యాయని దండోరా వేయించారు.

పడమట మా ఊరుంది. ఆ మాట జహీరాబాదులో నాకు తప్ప ఎవరికీ గుర్తుకు రాలేదు.

ఆ వానకాలం మా అమ్మకు వాంతులు, బేదులు పట్టుకున్నాయి. మా ఊళ్లో వాగు ఒడ్డు ఇళ్లన్నిటిలో అదే. అమ్మ బీదరు దవాఖానలో పడి లేచింది కాని మనిషి సగమైంది. మా వీధి చివర ఒక బాలింత మాత్రం లేవలేదు. నాన్న రైలెక్కి జహీరాబాదు వచ్చాడు. ఎన్నడూ వియ్యాలవారింట గొంతెత్తని మనిషి, ఆనాడూ ఎత్తలేదు. అరుగు మీద మామకు ఎదురుగా కూర్చుని, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"బావా, మీ దిబ్బ మట్టి మా కుండలల్లకు వొచ్చింది. మీ ఎరువు వాసన మా అన్నంల వొస్తంది. మీ చేను మీరు చేసుకోన్రి, వొద్దనను. జర వాగును ఇడిచి చేసుకోన్రి. గట్లు పోయించున్రి, ఒడ్డు పొంటి గడ్డి ఉంచున్రి. మా ఊరోళ్లు నన్ను అడుగుతున్నరు, బిడ్డనిచ్చుకున్నవు గద, మాట చెప్పలేవా అని."

మామ హుక్కా గొట్టం పక్కన పెట్టాడు. గిర్దావరు గొంతు తెచ్చుకున్నాడు.

"బావా, నువ్వు పెద్దమనిషివి, కానూను సమజ్ చేసుకోవాలె. మా మట్టి ఆంధ్రా సర్కారు మట్టి. మీ నీళ్లు మైసూరు సర్కారు నీళ్లు. రెండూ కలిసినయంటే అది రెండు సర్కార్ల ముచ్చట. నడిమిట్ల మనమెవలం? మీ సర్కారును మా సర్కారుకు దరఖాస్తు పెట్టుమను."

నాన్న తలపాగా చుట్టుకుని లేచాడు. అన్నం తిని పొమ్మని నేను బతిమాలినా తినలేదు. స్టేషను దాకా నేనూ, మా ఆయనా నడిచాం. దారిలో మా ఆయన "మీ నాయన చెప్పింది నిజమే" అన్నాడు. కొంచెం దూరం పోయాక, "కానూను ప్రకారం మా నాయన చెప్పింది..." అని మొదలుపెట్టాడు. నేను ఆగి ఆయన ముఖంలోకి చూశాను. మిగతాది మింగేశాడు.

ఆ రోజుల్లోనే భూములకు పరిమితి పెడతారన్న వార్తలొచ్చాయి. ఎక్కువున్నవాళ్ల భూమి సర్కారు తీసుకుంటుందట. ఊళ్లో భూములున్న పెద్దమనుషులందరికీ హఠాత్తుగా పెళ్లాల మీద గౌరవం పుట్టింది. ఎన్నడూ పేరు పెట్టి పిలవని ఆడవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పట్టాల మీదికి ఎక్కాయి. మామ చిన్న కంచెను అత్త పేరు మీద రాయించాడు. తాలూకా కచ్చేరికి బండి కట్టించి తీసుకుపోయి, వేలిముద్ర వేయించి, వచ్చే దారిలో గాజులు కూడా తొడిగించాడు.

ఆ చిన్న కంచె ఒక్కటే అప్పటికి మిగిలిన గడ్డి. పెద్ద కంచె అప్పటికే చెడడం మొదలైంది. నిలువు చాళ్ల వెంట వానలు కోసి కోసి, ఎద్దు దిగితే కొమ్ములు కనపడనంత లోతు కోతలు పడ్డాయి. పైమట్టి మా కుండల్లోకీ, మా నాన్న కుండల్లోకీ పోయింది. మిగిలిన గట్టి మొరంలో ఆలుగడ్డ గోలీకాయంత కావడానికి కూడా కష్టపడింది. మనిషన్నవాడు దాన్ని చూసి ఆగుతాడు. మామ చిన్న కంచె వైపు చూశాడు. ట్రాక్టరుకు కబురు పెట్టాడు.

ఆ మాట నేను వంటింట్లో అత్తకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది.

"చిన్న కంచె గూడ పోతే ఒర్రె పోతదత్తా. ఊరికి మంచినీళ్లు ఊరే జాగా అదొక్కటే మిగిలింది."

"ఎవలు ఇంటరు పిల్లా మన మాట?"

"ఇనుడు ఎందుకు? అది మీదే గదా. మీ పేరు మీదనే ఉన్నది. మీరు వొద్దంటే ట్రాక్టరు ఎట్ల దిగుతది?"

అత్త చేతిలో చేట ఆగింది. నా వైపు చాలాసేపు చూసింది. ఆమెకు ఆ ఆలోచన ఎన్నడూ రాలేదని ఆ ముఖం చూస్తే తెలిసింది. తర్వాత మళ్లీ బియ్యం ఏరుకుంది. 

ట్రాక్టరు వచ్చిన రోజు పొద్దున ఆమె స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, "పా పిల్లా" అంది. ఇద్దరం చిన్న కంచెకు నడిచాం. అక్కడ మామ, ట్రాక్టరు నడిపేవాడు, సంఘం సభ్యులు, టెంకాయ, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. అత్త పోయి ట్రాక్టరు ముందు గడ్డిలో పీట మీద కూర్చున్నట్టు కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

"ఇదేం తమాషా? లెవ్వు" అన్నాడు మామ.

"ఈ భూమి ఎవలది?" అంది అత్త.

"ఎవలదేంది? మనది."

"కచ్చేరిల నన్ను గిదే అడిగిన్రు. ఈ భూమి నీదేనా అమ్మా, ఎవలన్న బలవంతం చేసిన్రా అని. నాదే సారూ, నేనే చేసుకుంట అని చెప్పిన. నువ్వే చెప్పుమన్నవు. ఇప్పుడు నాది కాదంటె మల్ల పోయి చెప్పొస్త. ఈయన అబద్ధం రాయించిండు, సర్కారే తీసుకోన్రి అని. ఏది జెయ్యమంటవు?"

 సంఘం సభ్యులు ఆకాశంలో మబ్బులు చూశారు. ట్రాక్టరు నడిపేవాడు ఇటు చూసి, అటు చూసి, "అమ్మగారి హుకుం లేకుంట నేను దున్నలేను సాబ్" అని ఇంజను ఆపేశాడు. అప్పటి దాకా ఆ చప్పుడులో వినపడని పిట్టల అరుపులు ఒక్కసారిగా వినపడ్డాయి. నాకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"తెచ్చిన టెంకాయ ఒట్టిగ పోవద్దు" అంది అత్త లేస్తూ. "కొట్టున్రి. అందరికి ఒక ముక్క ఇయ్యున్రి."

మామ మూడు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఆమె గమనించినట్టు కూడా కనపడలేదు.

చిన్న కంచె గడ్డి గడ్డిగానే ఉంది. దాని కింది ఒర్రెలో ఇసుక బయటే ఉంది. మేము చెలమలు అక్కడికి మార్చుకున్నాం. దూరం ఎక్కువే అయినా, మెల్లమెల్లగా ఊరంతా అక్కడికే రావడం మొదలుపెట్టింది. అత్త ఎవరినీ రావద్దనలేదు. మా ఇంట్లో మళ్లీ పప్పు ఉడికింది. మామ మొదటి రోజు రెండుసార్లు వడ్డించుకుని, బాగుందని మాత్రం అనలేదు.

పెద్ద కంచెను ఆ తర్వాతి కరువులో దున్నకుండా పడావు పెట్టాడు. గడ్డి కూడా అక్కడ సరిగా మొలవలేదు. చెరుకు మాత్రం వదల్లేదు. మామను చూసి వాగు పొడుగునా మిగతావాళ్లు కూడా చెరుకు పెట్టారు కాబట్టి, ఇప్పుడు తప్పు పట్టాలంటే మామ ఒక్కడే కాడు. సంఘం మాత్రం వర్ధిల్లింది. జీపులో ఎవరైనా వస్తే మామ వాళ్లను చిన్న కంచెకు తీసుకుపోయేవాడు. చేతికర్రతో ఒర్రె చూపించి, "నీళ్ల కోసం ఈ జాగను నేనే దున్నకుండ కాపాడిన. మా ఇంట్ల కూడా ఎవలు ఒప్పుకోలే" అనేవాడు. ఒకసారి ఆయనకు శాలువా కూడా కప్పారు. అత్త ఆ శాలువాను కుండలు తుడవడానికి వాడింది.

మా ఊరికి మాత్రం ఆ ఒక్క ఒర్రె సాయం చాలలేదు. అంత ఎరుపులో, అంత నాచులో ఒక సన్నధార కలిస్తే ఏమవుతుంది? మా ఊరోళ్లు వాగు మీద ఆశ వదులుకుని బావి తవ్వుకున్నారు. ఉప్పు నీళ్లు పడ్డాయి. నేను పుట్టింటికి పోయినప్పుడల్లా ఒర్రె నీళ్లు ఒక కూజాలో నింపి, మూతికి గుడ్డ కట్టి రైలెక్కేదాన్ని. తల్లిగారింటికి అందరూ పిండివంటలు పట్టుకుపోతారు, నువ్వేంటమ్మా నీళ్లు మోస్తున్నావని రైల్లో వాళ్లు నవ్వేవాళ్లు. నవ్విన వాళ్లే ఎండకు దాహమేసి ఇన్ని పోయమని అడిగేవాళ్లు. ఊరు చేరేసరికి సగం కూజా మిగిలేది.

మా అమ్మ ఆ సగాన్ని రెండు చేతులతో అందుకుని, దేవుడి గూట్లో పెట్టినంత భద్రంగా లోపల పెట్టి వచ్చేది. నేను కాళ్లు కడుక్కుని కూర్చుని నీళ్లడిగితే, బావిలోంచి తోడిన ఉప్పు నీళ్ల చెంబు నా చేతికిచ్చేది.

"అవి నువ్వు రోజు తాగేటియే గద" అనేది.